హాజరు పలకడం

 

స్వర్ణోత్సవంలో పనికొచ్చే మాట ఏదైనా చెప్పమన్నారు. నాకు తెలిసింది ఒకటి చెబుతాను.

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. చలికాలంలో తాహో సరస్సు పక్క కొండల్లో మా అమ్మాయితో కలిసి స్నోబోర్డింగ్ చేస్తాను. రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని మంచు మీద జారే ఆట అది. నలభై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఎక్కువగా పడేది నేనే.

ఆ చెట్ల మధ్య సెల్‌ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని జీపీఎస్ ఉన్న చేతి రేడియోలు రెండు కొన్నాను. గార్మిన్ వాళ్ల రైనో లాంటివి. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మనం ఎక్కడున్నామో లెక్కకడుతుంది. ఆ చోటును రేడియో రెండో సెట్టుకు పంపుతుంది. అవతలివాళ్ల తెర మీద మన గుర్తు కనబడుతుంది.

ఒక మధ్యాహ్నం పొగమంచు కమ్మింది. అమ్మాయి వెనకే వస్తోందనుకుని కిందికి దిగిపోయాను. ఎంతకీ రాలేదు. పిలిస్తే జవాబు లేదు. తెర మీద మాత్రం తన గుర్తు కదలకుండా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. బోర్డు మీద కింది నుంచి పైకి పోలేం కదా, మళ్లీ లిఫ్టెక్కి పైనుంచి ఆ చోటికి దిగాను. అక్కడ ఎవరూ లేరు. నా కాళ్లు వణికాయి.

అప్పుడు వెలిగింది. ఆ గుర్తు తను చివరిసారి మాట్లాడినప్పటిది. తర్వాత తను ఎటు పోయిందో నా సెట్టుకు అందలేదు. తప్పు యంత్రానిది కాదు, సరిగ్గా తెలుసుకోని నాది. డబ్బా మీద ఎన్ని మైళ్లని రాసినా, ఈ రేడియోల మాట మధ్యలో గుట్ట అడ్డొస్తే ఆగిపోతుంది.

బోర్డు విప్పి, మోకాలిలోతు మంచులో పక్క గుట్టెక్కి మీట నొక్కాను. "నాన్నా, ఇక్కడే ఉన్నా" అని వినబడింది. గుర్తు గుట్ట అవతలికి మారింది. కాలి పట్టీ తెగి, ఒక చెట్టు పక్కన కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి మాకు కొన్ని నియమాలు. ఆగిన ప్రతిచోటా మీట నొక్కి పలకాలి. జవాబు రాకపోతే కదలకూడదు. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కనుక సెట్టు కోటు లోపలే ఉండాలి. హిమపాతం ముప్పున్న చోటికి వెళితే 457 కిలోహెర్ట్జ్ బీకన్ వేరే కావాలి, ఈ రేడియో దానికి బదులు కాదు. అక్కడ జీఎంఆర్ఎస్ రేడియోలకు లైసెన్సు తప్పనిసరి. పరీక్ష లేదు, 10 ఏళ్లకు 35 డాలర్లు, కుటుంబానికంతా ఒక్కటే చాలు. ఆ సెట్లను ఇక్కడికి తెచ్చి వాడకండి, మన దేశం నిబంధనలు వేరు.

మన బడిలో రోజూ పొద్దున హాజరు పిలిచేవారు. నిన్న పలికాం కదా అని ఈరోజు ఊరుకుంటే ఆబ్సెంటే. అది విసుగని అప్పట్లో అనుకునేవాణ్ని. ఇన్నేళ్లకు మంచుకొండ మీద దాని విలువ తెలిసింది. మిత్రులారా, మన సంఘం పుస్తకంలో కొందరి చిరునామాలు కూడా అలాంటి పాత గుర్తులే. ఈ సాయంత్రం వాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి.

నేను ఉన్నాను సార్. సెలవు.