కుటుంబ ఛాయాచిత్ర గ్రంథములు

(మహాసభయందుఁ గావించిన యుపన్యాసము)



మన సంఘసభలలో విద్యనుగూర్చియు, వరశుల్కమునుగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియుఁ బెద్దలు పలుమాఱు ప్రసంగించిరి. మేము నేఁడు విన్నవింపఁబోవు విషయము వానియంత గొప్పది గాకపోవచ్చును. కాని దీనికి గడువు కలదు. ఆ గడువు మన యిండ్లలోని వృద్ధుల యాయువే. గోడలమీఁదను, ఇనుపపెట్టెలలోను నున్న పాతపటములలోని ముఖములను గుర్తింపఁగలవారు దినదినము తగ్గిపోవుచున్నారు. వారు పోయిన పిమ్మటఁ బటము మిగులును గాని యందలి మనిషి యెవరో తెలియదు. కావునఁ బ్రతి కుటుంబమును దన ఛాయాచిత్రములను జేర్చి, పేరులతో నచ్చువేయించి, గ్రంథముగాఁ గుట్టించుకొనవలయునని మా మనవి.

ఛాయాచిత్రకళ 1839వ సంవత్సరమునఁ బారిసునగరమున లోకమునకు వెల్లడింపఁబడెను. మన ప్రాంతమున రాజా దీనదయాళుగారు (1844–1905) ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి యాస్థాన ఛాయాచిత్రకారులై సికింద్రాబాదున స్టూడియో నడపిరి. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియో నేర్పఱచి, అందు స్త్రీచేతనే పటములు దీయించిరి. సామాన్య కుటుంబములకు మాత్ర మీ సౌకర్యము చాలకాలమునకుఁ గాని యందలేదు. పటము దీయించుకొన్న నాయువు తఱుగునను భయ మొకటి, ఖర్చు మఱియొకటి. అందుచేత మన ముత్తాతలవి తఱచుగా నొకటి రెండు పటములే మిగిలినవి. అవి పోయినచో మరల రావు.

అవి పోవు త్రోవలు పెక్కు. తేమవలన బూజు పట్టును. చెదలును బురుగులును గాగితమును దినును. 1970, 1980 దశాబ్దులనాఁటి రంగుపటములు చీఁకటిలో నుంచినను గ్రమముగా వెలిసిపోవును. జిగురుపుటల యాల్బములు పటములకు మఱకలు గావించును. 2009 అక్టోబరునఁ గర్నూలునకును, 2024 సెప్టెంబరున విజయవాడకును వచ్చిన వఱదలవంటివి యొక్క రాత్రిలో నంతయుఁ దుడిచివేయఁగలవు. సెల్లుఫోనులో నున్నవి గదా యందురేని, ఫోను పోయిననాఁడు నవియుఁ బోవును. ఒక్కచోట నున్నది యొక్క దెబ్బకుఁ బోవును. పదియిండ్లలో నున్న పుస్తకము పోదు.

ఇఁక జేయవలసిన పని. పటమును స్కానరుపై నంగుళమునకు 600 చుక్కల చొప్పున నెక్కింపవలయును. అప్పుడు 4×6 అంగుళముల పటము 2400×3600 చుక్క లగును. ముద్రణకు అంగుళమునకు 300 చాలును గనుక నది 8×12 అంగుళముల పుటకు సరిపోవును. అద్దమున కంటుకొన్న పటమును బలిమిని లాగరాదు. అద్దముతోనే స్కాను చేయుట మేలు. వాట్సాపులో మామూలుగాఁ బంపిన చిత్రము కుదింపఁబడును గాన డాక్యుమెంటుగాఁ బంపుఁడు. పటము వెనుకఁ బేరు వ్రాయుటకు మెత్తని పెన్సిలే వాడుఁడు. పది పండ్రెండు ప్రతులకు డిజిటలు ముద్రణ చాలును. వందలకొలఁది కావలసినపుడే యాఫ్‌సెట్టు చౌక. ఆమ్లరహితమైన కాగితమును, కుట్టుబైండింగును గోరుఁడు.

పేరులే యీ గ్రంథమునకుఁ బ్రాణము. ఎడమనుండి కుడికిఁ గూర్చున్నవారు, నిలుచున్నవారు అని వరుసగా వ్రాసి, ఊరు, సంవత్సరము, సందర్భము చేర్పవలయును. సంవత్సరము నిశ్చయముగాఁ దెలియనిచో 'సుమారు' అని వ్రాయుటయే సత్యము. ఇందొక్క విషయమున మనవారు మిక్కిలి శ్రద్ధ వహింపవలయును. పాతపటముల క్రిందఁ బురుషుల పేరులుండును. స్త్రీలు 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి' యని మాత్రముందురు. వంశవృక్షములలోను నంతియే. నగలమ్మి పిల్లలను జదివించిన తల్లికిఁ బేరు లేకుండుట న్యాయమా? ఆమె సొంతపేరు, పుట్టినింటిపేరు, పుట్టినయూరు వ్రాయుఁడు. మఱియుఁ బంపకములయందుఁ బటములు తఱచుగాఁ బెద్దకుమారుని యింటఁ జేరును, ఆఁడుబిడ్డలకు దక్కవు. ముద్రితగ్రంథమున కీ తగవు లేదు. ప్రతి కొడుకునకు, ప్రతి కూఁతునకు నొక్కొక్క ప్రతి యిచ్చిన నెవ్వరి భాగమును దఱుగదు.

ఇది వైభవప్రదర్శనము గాకుండుఁగాక! పెండ్లి యాల్బములకు వేలకువేలు వెచ్చించు మనము అమ్మమ్మ పటమునకు వందరూపాయలు వెచ్చింప వెనుదీయుట తగదు. పూరియింటి ముందు దీసిన పటమును దాఁచరాదు. అచ్చటనుండియే మనలోఁ బెక్కుమంది వచ్చితిమి. ఒకరింటి పటమును వారి యనుమతి లేక యచ్చు వేయరాదు. ప్రతి శాఖాసంఘమును నొక స్కానరును గొని, వేసవి సెలవులలో విద్యార్థులచే నీ పని చేయించినచో, పెద్దలకుఁ దోడును, పిన్నలకు వంశజ్ఞానమును నొక్కమాఱే కలుగును.

గ్రంథము నెలలకుఁ గాని పూర్తికాకపోవచ్చును. పేరులు మాత్ర మాగవు. ఇండ్ల కేఁగిన వారములోనే పెద్దలకడఁ గూర్చుండి, పటము చేతికిచ్చి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుఁడని ప్రార్థించుచున్నాము.