పెద్ద దేశం కన్నెర్ర చేసినా ఈ కోర్టు వైపు ఎందుకు నిలబడ్డారు?

పొద్దున్నే ఫోన్ తీస్తే మీ అమెజాన్ అకౌంట్ లేదు, పేపాల్ లేదు. మీరు చేసిన తప్పేంటి? మీ డ్యూటీ చేశారు, అంతే. నికోలా గియూ అనే ఫ్రెంచ్ జడ్జికి నిజంగానే ఇలా జరిగింది. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి వచ్చినవాణ్ణి కదా, సర్వర్ ఎవరిదైతే స్విచ్ వాళ్ళ చేతిలోనే ఉంటుందని నాకు బాగా తెలుసు.

ఆయన పనిచేసేది నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో. యుద్ధ నేరాలు, నరమేధం లాంటి కేసులు చూసే కోర్టు అది. 2024 నవంబర్‌లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద వారెంట్ ఇచ్చింది. 2025 ఫిబ్రవరి 6న ట్రంప్ ఆంక్షల ఆర్డర్ మీద సంతకం పెట్టారు. ముందు ప్రాసిక్యూటర్ మీద, తర్వాత విడతలవారీగా జడ్జీల మీద ఆంక్షలు పడ్డాయి.

మర్నాడే 79 దేశాలు కోర్టుకు మద్దతుగా ప్రకటన ఇచ్చాయి. దాన్ని ముందుండి నడిపిన ఐదు దేశాల్లో సియెర్రా లియోన్ ఒకటి. అంత చిన్న దేశం అమెరికాకి ఎదురుగా ఎందుకు నిలబడింది?

అక్కడ 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం. జనం చేతులు నరికారు, చిన్నపిల్లలకి తుపాకులిచ్చారు. ఆ తిరుగుబాటుదారులకి సాయం చేసిన పక్క దేశం లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కి 2012లో 50 ఏళ్ళ జైలు పడింది. శిక్ష వేసింది ఈ కోర్టు కాదు, ఐక్యరాజ్యసమితితో కలిసి పెట్టుకున్న స్పెషల్ కోర్టు. కానీ ఒక దేశాధినేతని బోనెక్కించొచ్చని వాళ్ళు కళ్ళారా చూశారు. సైన్యం బలం లేనివాళ్ళకి మిగిలేది ఆ దారే.

అలాగని అందరూ గట్టిగా నిలబడ్డారా? లేదు. సభ్యదేశమైన ఇటలీ ఆ ప్రకటనలో చేరలేదు. హంగరీ అయితే ఏప్రిల్‌లో నెతన్యాహుని పిలిచి మర్యాద చేసి, కోర్టు నుంచి తప్పుకుంటామని కూడా చెప్పేసింది. సంతకం పెట్టడం తేలిక, గుమ్మంలోకొచ్చిన అతిథిని అరెస్ట్ చేయడమే కష్టం.

మన దేశం ఈ కోర్టులో సభ్యురాలు కాదు. కానీ కుల్‌భూషణ్ జాదవ్ కోసం 2017లో మనం తలుపు తట్టింది హేగ్‌లోనే ఉన్న ఇంకో కోర్టుది, అంతర్జాతీయ న్యాయస్థానానిది. 2019లో తీర్పు చాలావరకు మనవైపే వచ్చింది. అవసరం పడ్డ రోజున కోర్టు ఉండాలంటే, అవసరం లేని రోజున కూడా దాన్ని కాపాడుకోవాలి. ఆ 79 దేశాలు చేసింది అదేనని నాకనిపిస్తోంది.

మీరేమంటారు? కామెంట్‌లో చెప్పండి.