ముందు సున్నా పోతే మనిషే మారిపోతాడు: సెట్టింగ్ ఫైళ్ల సంగతి

దుబాయ్ నుంచి మాట్లాడుతున్నా. చదివింది ఐటీఐ, చేసేది సైట్ సూపర్‌వైజర్ పని. డ్యూటీ అయ్యాక క్యాంపులో పైథాన్ నేర్చుకుంటున్న మనోళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లు అడిగేది ఒకటే. జేసన్ అంటున్నారు, యామల్ అంటున్నారు, టామల్ అంటున్నారు, ఏది పట్టుకోవాలి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎట్లా మార్చాలి? మనకు తెలిసిన హాజరు, ఓటీ లెక్కతోనే చెప్తా.

కొత్తవాళ్ల కోసం ముందు ఒక మాట. మిక్సర్ ఒకటే ఉంటది. సిమెంటు ఎంత, ఇసుక ఎంత, నీళ్లు ఎన్ని అని చీటీ రాసిస్తాం. చీటీ మారితే కాంక్రీటు మారుతది, మిక్సర్ విప్పే పని లేదు. ప్రోగ్రాం మిక్సర్ అయితే, కాన్ఫిగ్ ఫైల్ ఆ చీటీ. షిఫ్ట్ టైములు, ఓటీ రేటు, మనుషుల నంబర్లు అందులో ఉంటాయి. జేసన్, యామల్, టామల్ అనేవి ఆ చీటీ రాసే పద్ధతులు, అంతే.

యామల్ చూడ్డానికి నీటుగా ఉంటది. కోట్స్ అక్కర్లేదు, బ్రాకెట్లు అక్కర్లేదు. అందుకే కొత్తవాళ్లు దానికే పడిపోతారు. కానీ కోట్స్ పెట్టకపోతే మనం రాసింది ఏమిటో అదే ఊహించుకుంటది. పైథాన్‌లో ఎక్కువగా వాడే పైయామల్ లైబ్రరీ పాత 1.1 పద్ధతిలో చదువుతది. దానికి మనిషి నంబర్ 0457 అని కోట్స్ లేకుండా ఇచ్చి చూడండి. ముందు సున్నా ఉంది, 7 దాటిన అంకె లేదు కాబట్టి ఎనిమిదుల లెక్క అనుకుని 303 చేస్తది. పక్కనే 0458 రాస్తే మాత్రం ముట్టుకోదు, ఎందుకంటే ఆ లెక్కలో 8 అనే అంకే లేదు. ఒకే వరుసలో ఒకడి నంబర్ మారింది, పక్కోడిది మారలేదు. ఆ 303కు ప్రోగ్రాం ముందు సున్నా తగిలించి 0303 అనుకుంటే? ఆ నంబర్‌తో ఇంకో మనిషి ఉంటే ఒకరి ఓటీ ఇంకొకరి ఖాతాలో పడతది. ఎక్కడా ఎర్రర్ రాదు. జీతం రోజు దాకా ఎవరికీ తెల్వదు.

టైముల సంగతి ఇంకా విచిత్రం. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా బయట ఎండలో పని చేయించకూడదు కదా. ఫైల్లో 12:30 అని రాస్తే పైయామల్ దాన్ని 750 చేస్తది, 15:00ను 900 చేస్తది. అరవైల లెక్క అన్నమాట. పొద్దున షిఫ్ట్ 06:00 అని రాస్తే మాత్రం, ముందు సున్నా ఉంది కాబట్టి, మాటగానే ఉంచుతది. వారపు సెలవు దగ్గర ఇంగ్లిష్‌లో ఆఫ్ అని రాస్తే అది ‘కాదు’ అనే విలువ అయిపోతది. నార్వే దేశం కోడ్ ‘ఎన్ఓ’ కూడా ఇట్లనే అవుతది, దీనికి నార్వే సమస్య అనే పేరే పడింది. 2009లో వచ్చిన యామల్ 1.2 ఇవన్నీ తీసేసింది, కానీ పాత లైబ్రరీ ఇంకా నడుస్తానే ఉంది.

అదే 0457ను కోట్స్ లేకుండా జేసన్‌లో గానీ టామల్‌లో గానీ పెడితే ఫైలు చదవనే చదవదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతది. నాకు అదే నచ్చుతది. లోడ్ ఎక్కువైతే ఆగిపోయే క్రేన్ మీద చిరాకు పడతాం గానీ, ఆగకుండా ఎత్తే క్రేన్ కింద నిలబడతామా?

జేసన్‌లో ఇబ్బంది ఏమిటంటే పక్కన నోట్ రాసుకునే వీలు లేదు. మధ్యాహ్నం బ్రేక్ పక్కన "జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకానే" అని యామల్‌లో రాసుకున్నారనుకోండి. జేసన్‌లోకి మార్చగానే ఆ నోట్ ఎగిరిపోతది. అక్టోబర్‌లో డ్యూటీ తీసుకున్నోడికి ఆ లైను ఎందుకుందో తెల్వదు. మార్చే ముందు నోట్లన్నీ వేరే కాగితం మీద దించుకోండి.

ఏది ఎంచుకోవాలంటే, మిషను రాసి మిషనే చదివే చోట జేసన్ చాలు. మనుషులు చేత్తో దిద్దే చిన్న ఫైలుకు నేను టామల్ అంటా. నోట్లు రాసుకోవచ్చు, టైముకు దాని సొంత రకం ఉంది, 12:30:00 అని సెకన్లతో సహా రాయడం మేలు. పైథాన్ 3.11 నుంచి టామల్ చదివే సరుకు లోపలే ఉంది, వేరే తెచ్చుకోనక్కర్లేదు. లోపల లోపల మెట్లు ఎక్కువైతే మాత్రం టామల్ చదవడం కష్టం. ఇక డాకర్ కంపోజ్, అన్సిబుల్ లాంటివి నేర్చుకునేవాళ్లకు యామల్ తప్పదు. అక్కడ నంబర్లకు, టైములకు, ఆఫ్, నో లాంటి మాటలకు కోట్స్ పెట్టండి. ట్యాబ్ నొక్కి లైను జరపొద్దు, యామల్ ఒప్పుకోదు, ఖాళీలే కొట్టాలి.

మార్చాక సరిచూసే దగ్గర ఒక మోసం ఉంది. పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ ప్రోగ్రాంతో చదివించి పోల్చితే రెండూ ఒకటే అంటది. పాతది చదివేటప్పుడే 0457 కాస్తా 303 అయింది కదా, కొత్తదాంట్లోనూ 303 ఉంది, సరిపోయింది! అందుకే పోల్చాల్సింది హాజరు రిజిస్టర్‌తో. సున్నాతో మొదలయ్యే నంబర్లు ముందు చూడండి, తర్వాత టైములు. పాత ఫైలు తీసెయ్యకుండా ఒక జీతం నెల పక్కనే ఉంచండి. కుదిరితే కొత్త లిస్ట్ ప్రింట్ తీసి మెస్ గోడకు అంటించండి, ఎవరి నంబర్ వాళ్లు చూసుకుంటారు.