గోడల మధ్య ఎలక్ట్రాన్

దాటలేని రెండు గోడల మధ్య ఒక ఎలక్ట్రాన్ చిక్కుకుందనుకోండి. అది ఎక్కడుందని అడిగితే క్వాంటం శాస్త్రం ఒక్క చోటు వేలు పెట్టి చూపదు. ఏ చోట దొరికే అవకాశం ఎంతో మాత్రం కచ్చితంగా లెక్కగట్టి చెబుతుంది. ఈ దారి చూపినవారు జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోర్న్. 1926లో ఆయన చెప్పిన సూత్రం ప్రకారం, ఎలక్ట్రాన్ స్థితిని వర్ణించే తరంగ ప్రమేయం పరిమాణాన్ని వర్గం చేసి, కావలసిన హద్దుల మధ్య సమాకలనం చేస్తే సంభావ్యత వస్తుంది.

గోడల మధ్య దూరాన్ని మూడు సమాన భాగాలు చేద్దాం. ఎలక్ట్రాన్ అతి తక్కువ శక్తితో ఉన్నప్పుడు నడి భాగంలో దొరికే అవకాశం సుమారు 61 శాతం. మిగిలింది అటూ ఇటూ సమానం. గోడను ఆనుకుని మాత్రం సున్నా. రెండో శక్తి స్థాయికి చేరితే కథ తిరగబడుతుంది. నడి భాగం వాటా 19.6 శాతానికి పడిపోతుంది, సరిగ్గా మధ్య బిందువు దగ్గర ఏమీ ఉండదు! రెండు పక్కలా దొరికే ఎలక్ట్రాన్ ఆ బిందువు దగ్గర ఎప్పుడూ దొరకదు. నాకు ఈ శాస్త్రంలో ఇంతకంటే అబ్బురమైన ఫలితం లేదు. మూడో స్థాయిలో మూడు భాగాలకూ సమాన వాటా. స్థాయి బాగా పెరిగేకొద్దీ తేడాలు చెరిగిపోయి, గోడల మధ్య అటూ ఇటూ తిరిగే మామూలు బంతి లెక్కకు దగ్గరవుతుంది.

ఇది కాగితం మీది ఊహ కాదు. 1993లో ఐబీఎం పరిశోధకులు రాగి ఉపరితలంపై 48 ఇనుప పరమాణువులను వలయంగా పేర్చి, లోపలి ఎలక్ట్రాన్ తరంగాలను చిత్రించారు. ఈ సంభావ్యతల దారి చూపిన బోర్న్‌కు నోబెల్ బహుమతి 1954లో వచ్చింది.