చిన్న విమానం – పెద్ద తొందర
(డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మిత్రులు వివరంగా మాట్లాడారు. నేను విమానాల గురించి చెబుతానంటే కార్యదర్శి గారు నవ్వారు. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడికి విమానాలతో పనేమిటని వారి సందేహం. పని ఉంది. అమెరికాలో ఉన్న మా మనుమడు సెలవు రోజుల్లో చిన్న విమానం నడుపుతున్నాడు. ఆ సంగతి తెలిసిన నాటి నుండి మా ఇంటావిడకు నిద్ర లేదు. ఆమెకు ధైర్యం చెప్పాలంటే ముందు నాకు విషయం తెలియాలి గదా! అందుకని కొంత చదివాను, కొంత వాణ్ణే అడిగాను.

ఈ ప్రమాదాలలో తరచు వినబడే మాట ‘స్టాల్’. ఇంజను ఆగిపోవడం అనుకున్నాను. “కాదు తాతయ్యా, ఇంజను తిరుగుతూనే ఉంటుంది” అన్నాడు వాడు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి అరచేయి బయటపెట్టిన వాళ్ళమే మనమందరం. చేతిని కొంచెం ఏటవాలుగా పెడితే గాలి పైకి లేపుతుంది. నిటారుగా నిలబెడితే వెనక్కి నెడుతుందే గాని లేపదు. రెక్క సంగతీ అంతే. ఎదురుగాలికి, రెక్కకు మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే రెక్క మీది గాలి చెదిరిపోతుంది. విమానాన్ని మోసే శక్తి పడిపోతుంది.

దీనికి మందు ముక్కు కిందికి దించడం. నేల దగ్గరపడుతుంటే మనసేమో పైకి లాగమంటుంది. లాగితే మరింత చెడుతుంది. మూడువేల అడుగుల ఎత్తున ఉంటే కొన్ని వందల అడుగులు పోగొట్టుకొని కోలుకోవచ్చు. రెండు మూడు వందల అడుగుల్లో ఆ వ్యవధి ఏదీ? ఫైలు మన బల్ల మీద ఉన్నంత వరకు తప్పు దిద్దుకోవచ్చు. డెస్పాచ్ అయ్యాక ఏం చేయగలం?

మలుపులో ప్రమాదం ఇంకా ఎక్కువ. తిన్నగా పోతూ 50 నాట్ల వేగం దగ్గర స్టాల్ అయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగితే 70 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1996 ఏప్రిల్‌లో అమెరికాలో జెస్సికా డుబ్రాఫ్ అనే ఏడేళ్ళ పాప, తండ్రితోను శిక్షకుడితోను కలిసి దేశం ఈ చివర నుండి ఆ చివరకు చిన్న సెస్నా విమానంలో బయలుదేరింది. పత్రికల వాళ్ళు, టీవీల వాళ్ళు వెంటపడ్డారు. రెండో రోజు, 11వ తేదీ ఉదయం, ఆరువేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న షయాన్ ఊళ్ళో గాలివాన మొదలైంది. అంత ఎత్తున గాలి పలచన. విమానంలో పరిమితికి మించి 40 కిలోలకు పైగా బరువు. అయినా లేచారు. కొద్దిసేపటికే మలుపులో వేగం నిలబడక విమానం స్టాల్ అయి కూలింది. ముగ్గురూ పోయారు. విచారణ సంఘం ఆ వాతావరణంలో బయలుదేరడమే తప్పన్నది. పత్రికలకు, టీవీలకు ఇచ్చిన మాట కోసం మితిమీరిన కార్యక్రమానికి కట్టుబడడం కూడా ఒక కారణమని రాసింది. ఆ ఏడాది అక్టోబరులోనే, లైసెన్సు లేని పిల్లల చేత రికార్డుల కోసం విమానం నడిపించరాదని అక్కడ చట్టం చేశారు.

ఇది చదివాక నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. గత దీపావళికి మనుమడు తానే విమానం నడుపుకొని మేనత్త ఇంటికి వెళ్తానన్నాడు. “పూజ వేళకు చేరాలి సుమా!” అని మా ఇంటావిడ మూడుసార్లు ఫోన్ చేసింది. పక్కన కూర్చుని నేనూ తలూపాను. వాడు మబ్బులు చూసి ఆగిపోయి, మర్నాడు కారులో వెళ్ళాడు. ఆమె అలిగింది. నేనూ ముభావంగానే మాట్లాడాను. ఆఫీసులో ప్రతి ఫైలుకూ ‘అర్జంట్’ చీటీ తగిలించిన చెయ్యి గదా నాది!

షయాన్ కథ ఆమెకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఫోన్ తీసి, “నాన్నా, ఆలస్యమైనా ఫర్వాలేదు. అసలు రాకపోయినా ఏమీ అనుకోను” అంది. వాడికి నేను చెప్పవలసింది కూడా అదే.

మీ పిల్లలు విమానం నడపకపోవచ్చు. రాత్రి పూట కారు నడిపి మన దగ్గరకు వస్తూ ఉండవచ్చు. “ఎంతసేపు?” అని అడిగే ముందు ఒక్క క్షణం ఆలోచించండి.