పరగృహవాసము – భాషాభ్యాసము

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చదివిన యుపన్యాసము)



ఈ గోష్ఠియందు ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, విద్యార్థివేతనములను గూర్చియో, వసతిగృహములను గూర్చియో మాటాడుదుమని వారు తలచియుందురు. ఆ విషయములను మాకంటె సమర్థులు ముచ్చటింపనున్నారు. మేమెత్తుకొను విషయము మీకు కొంత వింతగా తోచవచ్చును. 14 మొదలు 18 ఏండ్ల ప్రాయముగల మన బిడ్డలను స్పానిషుభాష నేర్చుటకై పరదేశమున, పరుల యింట, కొన్ని వారములుంచవచ్చునా? ఉంచినచో నెట్లుంచవలెను? సముద్రమున కావల నివసించు మన కుటుంబములలో ఈ ప్రశ్న వేసవి వచ్చినప్పుడెల్ల పుట్టుచున్నది. మేమును ఆ ప్రశ్న నెదుర్కొని, ఒకమారు పొరబడి, ఒకమారు సర్దుకొన్నవారము గావున, ఆ యనుభవమును దాపఱికము లేక మీ యెదుట నుంచుచున్నాము.

స్పానిషుభాషయే యేల యని కొందఱడుగుదురు. అమెరికా సంయుక్తరాష్ట్రముల ఉన్నతపాఠశాలలలో పరభాషాభ్యాసము చేయువారిలో నెక్కువమంది యెన్నుకొనునది ఆ భాషయే. స్పెయిను మొదలు చిలీ వఱకు 20 స్వతంత్రదేశములలో అది రాజ్యవ్యవహారభాష. దాదాపు 50 కోట్లమందికి మాతృభాష. అమెరికాలో వైద్యవృత్తి నవలంబించు మన బిడ్డ రోగి మంచముకడ నిలిచినప్పుడు ఈ భాష యెంత యక్కఱకు వచ్చునో అచ్చటివారెల్ల నెఱుగుదురు. కావున ఏల యను ప్రశ్నకంటె ఎట్లు అను ప్రశ్నయే ముఖ్యము.

మా కుమార్తె ప్రవాసమున పుట్టి పెరిగినది. పాఠశాలలో మూడేండ్లు స్పానిషు చదివి, పరీక్షలలో మంచి మార్కులే తెచ్చుకొనెను. ఒకనాడు మా యింటి పైకప్పు బాగుచేయ వచ్చిన పనివారిలో నొకడు, స్పానిషు తప్ప వేఱొండెఱుగనివాడు, ఆమెను త్రాగుటకు నీరడిగెను. క్రియారూపముల నన్నిటిని తడువుకొనక వల్లించు పిల్ల, ఆ మనుష్యుని మాట చెవికెక్కక నిశ్చేష్టురాలై నిలిచెను. అతడు చేతితో సైగ చేసినమీదట నీరిచ్చి, లోనికి వచ్చి, “మూడేండ్లు చదివితిని, దాహమన్న మాట పోల్చలేకపోతిని” అని కన్నీరు పెట్టుకొనెను.

దానిపై మేము తొందరపడి, ఒక యాత్రాసంస్థవారి ప్రకటన చూచి, ఆమె 15వ యేట స్పెయినునకు పంపితిమి. దినములు 12, నగరములు 5, పిల్లలు 30 మంది. మద్రీదునందలి ప్రాదో చిత్రశాలయు, గ్రనాదాలోని అల్హాంబ్రా కోటయు, 1218లో స్థాపితమైన సాలమాంకా విశ్వవిద్యాలయమును చూచి వచ్చెను. కాని బస్సులో ఆంగ్లము, బసలో ఆంగ్లము, భోజనశాలలో ఆంగ్లము. ఐస్‌క్రీము కొనునప్పుడు మాత్రము స్పానిషు! ఆ సంస్థవారు చూపెదమన్నవి చూపిరి, వారిని నిందింపరాదు. పొరపాటు మాది. చూచి వచ్చుట వేఱు, వసించి వచ్చుట వేఱు. ఆ భేదము మాకు తెలియదయ్యెను.

పరదేశమున నడుగిడినంతనే పరభాష యబ్బునను భ్రమను విద్వాంసులును పరీక్షించి చూచిరి. 2004లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఫ్రెంచిభాష నేర్చు అమెరికా కళాశాల విద్యార్థులను మూడు తెగలుగా పోల్చిరి: స్వదేశమున తరగతిలో చదివినవారు, ఫ్రాన్సునకు పోయినవారు, స్వదేశముననే యుండి ఫ్రెంచి తప్ప వేఱుభాష పలుకక వేసవి గడపినవారు. వాగ్ధోరణిలో ఎక్కువ లాభము పొందినది మూడవ తెగవారు. ఫ్రాన్సునకు పోయినవారు తరగతి వెలుపల ఫ్రెంచికంటె ఆంగ్లమే యెక్కువగా వాడిరట! నేల మారిన చాలదు; నాలుక దినమెల్ల ఏ భాషలో తిరుగుచున్నదనునదే ప్రధానమని దీనివలన తేలుచున్నది.

అట్లు తిరుగుటకు ఇంటికంటె మించిన బడి లేదు. ఆతిథ్యమిచ్చు కుటుంబములలో విద్యార్థుల నుంచు పద్ధతి పాశ్చాత్యదేశములందు క్రొత్తది కాదు. డొనాల్డ్ వాట్ అను నమెరికనుడు 1932లో ప్రారంభించిన సంస్థ దానికి ప్రచారము తెచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున 1915లో గాయపడిన సైనికులను మోయు వాహనదళముగా పుట్టిన అమెరికన్ ఫీల్డ్ సర్వీసువారు, రెండవ యుద్ధము ముగిసినపిమ్మట, బాలబాలికలను ఒక దేశపు ఇండ్లనుండి మఱియొక దేశపు ఇండ్లకు పంపు పనికి పూనుకొనిరి. మనకు మాత్రము ఇది వింతయా? వారములు చేసికొని చదువుకొన్న పేదవిద్యార్థులను మన తాతలెఱుగుదురు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భుజించి విద్వాంసులై, ఆ యిల్లాండ్రను జీవితాంతము తల్లులుగా స్మరించినవారు మన దేశమున నెందఱో కలరు.

మరుసటి వేసవిని మా కుమార్తెను మధ్య అమెరికాలోని గ్వాతెమాలా దేశమునకు, ఆతిత్లాన్ సరస్సు గట్టుననున్న సాన్ పెద్రో లా లగూనా అను నూరికి నాలుగు వారములు పంపితిమి. ఆ దేశపు భాషాపాఠశాలలలో ఒక విద్యార్థికి ఒక యుపాధ్యాయుడుండుట వాడుక. దినమునకు నాలుగు గంటలు పాఠము. తక్కిన కాలమెల్ల ఆతిథ్యకుటుంబముతోడనే. ఊరి వెనుక అగ్నిపర్వతము, ముందు సరస్సు, నడుమ కాఫీతోటలు. ఆ యింట భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ఒక ముసలి అవ్వ.

మొదటివారమున బిడ్డ యేడ్చెను. మేము దినమునకు మూడుమారులు ఫోను చేసితిమి. నాలుగవనాడు ఉపాధ్యాయిని మాకిట్లు వ్రాసెను: “మీ యమ్మాయి ఫోనులో మీ యింటనే యున్నది. ఇచ్చటికింకను రాలేదు. వారమునకొకమారు మాత్రము పిలువుడు.” ఆ మాట మాకు ములుకువలె నాటినది, కాని నిజము. పంపినవారమును మేమే, పోనీయనివారమును మేమే. ఆనాటినుండి ఆదివారము మాత్రమే పిలిచితిమి.

అటుపిమ్మట భాష వంటయింటినుండి వచ్చుట మొదలిడెను. సున్నపునీట నుడికించిన మొక్కజొన్నను రుబ్బి, మన జొన్నరొట్టెవలె చేతులతో తట్టి, పెనముపై కాల్చిన రొట్టెను అచ్చట “తోర్తీయా” యందురు. స్పెయినులో అదే పేరు గ్రుడ్డు, ఉర్లగడ్డ కలిపి వేసిన అట్టునకు చెల్లును. రొట్టెలు తట్టుచు నేర్చిన మాట మఱపునకు రాదు. భోజనమైనను వెంటనే లేవక, బల్లకడనే కూర్చుండి ముచ్చటలాడు వాడుకకు ఆ భాషలో “సొబ్రెమేసా” యని ప్రత్యేకముగా నొక పేరే కలదు. మా బిడ్డకు నిజమైన పాఠశాల అదియే. ఒకనాడు “సిగ్గుపడితిని” అని చెప్పబోయి, ఆంగ్లపుమాటను బోలియున్నదని “ఎంబరాసాదా” యనెను. ఆ మాటకు గర్భవతి యని యర్థము! ఇంటిల్లిపాది నవ్విరి, తానును నవ్వెను. ఆ తప్పు మఱల చేయలేదు.

ఇచ్చట తెలుగువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆంగ్లభాషీయుల పిల్లలకు కష్టమగు చోటులనేకము మన బిడ్డలకు సులభము. స్పానిషు తకార దకారములు మన త, ద లవలె దంత్యములు. “పెరో” యన్న “కాని”; “పెర్రో” యన్న “కుక్క”. గొర్రె, కర్ర, బుర్ర యని పలుకు నోటికి ఈ భేదమొక లెక్కయా? “నేను దీని నిష్టపడుదును” అను ఆంగ్లపు ధోరణిని విడిచి “నాకిది యిష్టము” అనునట్లు వారు “మె గుస్తా” యందురు. “నాకు తల నొచ్చుచున్నది” అనునట్లు “మె దువేలె లా కబేసా” యందురు. నీవు, మీరు అను మర్యాదాభేదము వారికిని “తూ”, “ఉస్తెద్” అను రూపముల కలదు. ఇంట తెలుగు నిలిచియున్న బిడ్డకు ఈ ద్వారములన్నియు ముందే తెఱచియుండును. తెలుగు మానినచో ఆంగ్లము, స్పానిషు బాగుగ వచ్చునని తలంచు తల్లిదండ్రులు ఈ మాట చిత్తగింతురు గాక.

ఇక భోజనవిషయము. సభలోని పెద్దల మనస్సులో మెదలుచున్న సంశయమిదియే యని మేమెఱుగుదుము. మా యింట మాంసము లేదు. “కార్నె తినను” అని మా బిడ్డ తొలినాడే చెప్పెను. మఱునాడు కోడిమాంసపు చారు వడ్డించిరి. అది వంచన కాదు. వారి వ్యవహారమున “కార్నె” యన్న సాధారణముగా గొడ్డుమాంసము వంటివే స్ఫురించును. కోడి, చేప ఆ లెక్కలోనికి రావు. బిడ్డ పళ్లెము త్రోసివేసెను, ఇల్లాలు చిన్నపుచ్చుకొనెను. ఉపాధ్యాయిని యిరువురకును నచ్చజెప్పెను. నాటినుండి మా బిడ్డ కోడి, చేప, పంది, ఎద్దు అని పేరుపేరున చెప్పి, నల్లచిక్కుడుగింజలు, అన్నము, రొట్టె, కూరగాయలు సంతోషముతో తినెను. తన నియమమును తాను కాపాడుకొనెను. పరుల పొయ్యిని హీనముగా చూడలేదు. ఈ రెండును కలిసి నిలువగలవని మాకు నేర్పినది 16 ఏండ్ల పిల్ల.

1888లో గాంధి యను 18 ఏండ్ల యువకుడు విద్యార్థియై ఇంగ్లాండునకు బయలుదేరగా, బొంబాయిలోని అతని కులపెద్దలు సభచేసి అతనిని వెలివేసిరి; అతనికి సాయపడువారికిని, సాగనంపబోవువారికిని రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. అతడు లండనులో ఒక వితంతువు ఇంట బసచేసి, అచ్చటి చప్పిడి వంటకు బాధపడుచునే తల్లికిచ్చిన మాట నిలుపుకొనెను. ఆనాటి పెద్దలు దుర్మార్గులు కారు. తమ బిడ్డ చెడునని భయపడినవారు. ఆ భయము మనలోను కలదు. అయినను మనమును ఒక కులసభయే యని మఱువరాదు. భయపడినప్పుడు కులసభ చేయవలసినది దారి మూయుట కాదు, దారిబత్తెము కట్టియిచ్చుట.

ఆ దారిబత్తెము నిట్లు కట్టవలెనని మా మనవి. ఒకే యింట ఆంగ్లము మాటాడు విద్యార్థులిద్దఱుండరాదు. ఆ యింటిని పంపుసంస్థవారు స్వయముగా చూచిరా, అందలి పెద్దల నడవడిని పోలీసు దాఖలాలతో విచారించిరా యని వ్రాతమూలకముగా నడుగవలెను. బిడ్డకు వేఱు గదియు, గడియయు నుండవలెను. రేయింబవళ్లు పలుకగల స్థానిక బాధ్యుని ఫోనునెంబరు బిడ్డకు కంఠస్థమై యుండవలెను. “ఈ యిల్లు నాకు వలదు” అని బిడ్డ యన్నచో, కారణమడుగకమునుపే ఇల్లు మార్చవలెను. మొగమాటమునకు బిడ్డను బలియీయరాదు. ముఖ్యముగా ఆడుబిడ్డలకు ఈ మాట ముందే చెప్పి పంపవలెను. పాస్‌పోర్టు, వీసా, తల్లిదండ్రుల సమ్మతిపత్రము, వైద్యపుబీమా, మందులు – వీనిలో నేది కొఱవడినను ప్రయాణము నాపవలెను. ఖర్చు భరింపలేనివారు నిరాశపడనక్కఱలేదు. అమెరికాలో తమ యూరనే స్పానిషువారి నడుమ సేవాకార్యములలో బిడ్డను వారమున కొన్ని గంటలు నిలిపినను ఫలము చేకూరును.

మూడవవారమున మా బిడ్డ వ్రాసిన యుత్తరమొకటి మమ్ము నిద్రపోనీయలేదు. ఆ యింటి అవ్వ మాతృభాష స్పానిషు కాదు. గ్వాతెమాలాలో మాయాజాతులవారి భాషలు 22 కలవు; ఆ యూరిది “త్సుతుహీల్” అను భాష. “అవ్వ తన భాషలో పిలుచును, మనుమలు స్పానిషులో బదులిత్తురు. ఆమె కొంతసేపు చూచి ఊరకుండును. నాకు అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె తెలుగులో పిలిచినప్పుడు నేనును ఇట్లే ఆంగ్లములో బదులిచ్చితిని గదా!” అని యందు వ్రాసెను.

సోదరులారా! స్పానిషు కొఱకు పంపిన బిడ్డ మాకు తెలుగును గూర్చి యుత్తరము వ్రాసెను. మరుసటి వేసవిని తానే కోరి, తెనాలి దగ్గఱి మా యూర అమ్మమ్మయింట ఒక నెల అదే నియమముతో గడపెను. కష్టమెచ్చట వచ్చినదందురు? బంధువులందఱును తమ ఆంగ్లము చూపుటకు ఆమెతో ఆంగ్లమే పలుకజొచ్చిరి! “నాకు తెలుగు రాదు, తెలుగులో చెప్పండి” అని పిల్ల చేతులు జోడింపవలసి వచ్చెను. నెల ముగియునప్పటికి అమ్మమ్మ చెప్పు సామెతకు నవ్వగలిగెను. అమ్మమ్మ ఆ యేటి చలికాలమున స్వర్గస్థురాలయ్యెను. ఒక వేసవి ఆలస్యమైనచో ఆ మాటలు మా బిడ్డకు దక్కియుండవు.

కావున మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము. స్పానిషు దేశములకు పిల్లలను పంపి వచ్చిన మన కుటుంబములవారు తమ యనుభవములను, మంచిని చెడ్డను దాచక, క్రొత్తగా పంపువారికి తెలుపుటకొక చిన్న సమితి యేర్పడవలెను. ప్రవాసమందలి మన బిడ్డలను హోటళ్లలో దింపి గుళ్లు చూపి పంపుటకు మాఱు, ఏటేట ఒక నెల తెలుగు మాత్రమే పలుకు నిండ్లలో నుంచుటకు ఈ సభలోని గృహస్థులు ముందునకు రావలెను. మూడవది కొంచెము కష్టమైనది: మన బిడ్డను ఏ యెఱుగని తల్లియో తన బల్లకడ కూర్చుండబెట్టి యన్నము పెట్టినట్లు, తెలుగు నేర్వవచ్చిన పరదేశపు బిడ్డను, కులగోత్రములడుగక, మన వంటయింట కూర్చుండబెట్టి పెట్టవలెను. పుచ్చుకొన్న యాతిథ్యము ఋణము, తీర్చనివాడు ఋణగ్రస్తుడే.