పంతానికి కొన్న సంచి



ఈ రోజుల్లో మన కాలనీల్లో ఏ ఇంటి తలుపు తట్టినా "అత్తయ్యగారు లండన్‌లో ఉన్నారండీ, పండక్కి వస్తారు" అనో, "అమ్మ అమెరికా వెళ్ళింది, చెల్లెలి పురిటికి" అనో వినిపిస్తోంది. వెళ్ళేటప్పుడు పెట్టె నిండా ఆవకాయ, కందిపొడి. మరి వచ్చేటప్పుడు? ఆ సంగతే ఈవేళ మీతో ముచ్చటించాలని. విదేశాల్లో పెద్ద పేరున్న ఫ్యాషన్ కొట్లకి సరదాపడి వెళ్ళి, మొహం చిన్నబుచ్చుకుని వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పైకి చెప్పుకోరు, అంతే.

శామీర్‌పేట దాటాక లాల్‌గడి మలక్‌పేట్ అని ఊరుంది. మా అన్నయ్యావాళ్ళు ఉండేది అక్కడే. మా వదినకి చీర కావాలంటే సికిందరాబాదు జనరల్ బజారుకి రావలసిందే. కొట్లో పరుపు మీద కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చి, "చూడండమ్మా, చూస్తే పైసలేం పోవు" అంటూ నలభై చీరలు విప్పి కుప్ప పోస్తారు. ఒక్కటీ నచ్చలేదని లేచినా "మళ్ళీ రండమ్మా" అనే సాగనంపుతారు. లోపల తిట్టుకుంటారేమో, అది మనకి వినపడదు! ముప్ఫై ఏళ్ళుగా వదినకి కొనడమంటే ఇదే.

మేనల్లుడు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు ఎండాకాలం వదినా నేనూ కలిసి వెళ్ళాం. అక్కడ బాండ్ స్ట్రీట్ అని, ఖరీదైన కొట్లన్నీ బారులు తీరిన వీధి ఒకటుంది. అందులో ఒక కొట్లోకి వెళ్ళాం. దాని పేరు మనకెందుకు? వదిన గద్వాల్ చీర కట్టుకుంది. కాళ్ళకి మాత్రం నడకకి వీలుగా ఉంటాయని కొడుకు కొనిచ్చిన కాన్వాస్ బూట్లు. లోపల నలుగురు అమ్మాయిలు ఖాళీగా నించుని ఉన్నారు. పది నిమిషాలు గడిచినా ఒక్కరూ పలకరించలేదు. వదిన అద్దాల బీరువాలో ఉన్న ఒక హ్యాండ్‌బ్యాగు చూపించింది, మా కోడలు ఇంగ్లీషులో అడిగింది. ఆ అమ్మాయి బ్యాగు వంక చూడలేదు, వదిన బూట్ల వంక చూసింది. "అది చాలా ఖరీదండీ, ఆ కింది అరలో చిన్న పర్సులున్నాయి చూడండి" అంది. గొంతు మాత్రం తేనె! అంతలో మరెవరో ఇద్దరు రాగానే, మాట మధ్యలో మమ్మల్ని వదిలేసి అటు వెళ్ళిపోయింది.

"పద వదినా" అన్నాను. వదిన కదలలేదు. "నా తాన పైసలు లేవనుకుంటున్నదా? గదే తియ్యమను. అరెకరం అమ్మిన పైసలున్నయి" అంది.

మన డబ్బులో 1,70,000 రూపాయలు. జనరల్ బజారులో యాభై రూపాయల దగ్గర అరగంట పేచీ పెట్టే మనిషి, ఒక్క మాట బేరమాడకుండా కొడుకు చేత కట్టించింది. ఇంటికొచ్చాక డబ్బా విప్పనైనా లేదు. రాత్రి పడుకోబోతూ, "గంత పెట్టి కొన్నా, గా పిల్ల మంచిగ మాట్లాడలే వదినా" అంది.

ఇది మా వదిన ఒక్కదాని పంతం అనుకోకండి. మోర్గన్ వార్డ్, డారెన్ డాల్ అని ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధన చేసి 2014లో ప్రకటించారు. బాగా ఖరీదైన, మనం అందుకోవాలని ఆశపడే కంపెనీ కొట్లో అమ్మేవాళ్ళు చిన్నచూపు చూస్తే, ఆ వస్తువు మీద కోరిక తగ్గకపోగా పెరుగుతుందట! మామూలు కొట్లో అలా జరగదు, చక్కా లేచి వచ్చేస్తాం. ఇంకో మాట కూడా తేల్చారు. ఆ కోరిక నిలవదు. రెండు వారాలు గడిచేసరికి అవమానం మిగులుతుంది గానీ మోజు మిగలదు. సంచి మాత్రం బీరువాలో ఉంటుంది.

ఓప్రా విన్‌ఫ్రే పేరు మీరు వినే ఉంటారు, అమెరికా టెలివిజన్లో కోట్లకు పడగలెత్తిన ఆవిడ. 2013లో జ్యూరిచ్ నగరంలో ఒక కొట్లో సుమారు 38,000 డాలర్ల బ్యాగు చూపించమంటే, "అది మీకు చాలా ఖరీదు" అని చూపించలేదని ఆవిడే చెప్పారు. మాట అర్థంకాక వచ్చిన పొరపాటని కొట్టు యజమానురాలు అన్నారు. స్విట్జర్లాండ్ పర్యాటక సంస్థ మాత్రం క్షమాపణ చెప్పింది. ఎవరి మాట నిజమో మనం తేల్చలేం. నాకు నచ్చిందల్లా ఓప్రా చేసిన పని. ఆ కొట్టంతా కొనగలిగిన మనిషి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేశారు.

మూడో రోజు వదిన "వాపసిద్దాం" అంది. మళ్ళీ వెళ్ళాం. బిల్లు తిప్పి చూపించారు: డబ్బు వాపసు లేదు, కావాలంటే ఇంకో వస్తువు తీసుకోవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు, "అదంతా ఫారిన్ అండీ, ఎప్పుడిచ్చినా తీసుకుంటారు" అని. అది కొట్టు దయే గాని చట్టం కాదు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువులో లోపముంటే 30 రోజుల్లోపు తిరిగిచ్చి మొత్తం డబ్బు అడగవచ్చు. మనసు మారిందంటే మాత్రం, కొట్లో కొన్న సరుకుకి ఆ హక్కు లేదు. అదే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నదైతే, చేతికందిన 14 రోజుల్లోపు వద్దని చెప్పవచ్చు, కొన్ని రకాల వస్తువులు తప్ప. కాబట్టి డబ్బు కట్టకముందే "వాపసు తీసుకుంటారా?" అని అడిగి, బిల్లు మీద చదివించుకోండి. ఇంగ్లీషు రాదని మొహమాటపడకండి, పిల్లల చేత చదివించుకోండి.

పన్ను సంగతి కూడా చెప్తాను. లండన్‌లో కొంటే విమానాశ్రయంలో పన్ను తిరిగిస్తారని ఇప్పటికీ అనుకుంటారు మనవాళ్ళు. 2021 నుంచి అక్కడి కొట్లలో కొని మనతో తెచ్చుకునే సరుకుకి అది లేదు. ఫ్రాన్సులో ఉంది. ఒకే కొట్లో 100 యూరోలకి మించి కొని, పాస్‌పోర్టు చూపించి ఫారం రాయించుకోవాలి. పెట్టె విమానంలో వెయ్యకముందే కస్టమ్స్ ముద్ర పడాలి.

కోడలు ఊరుకోలేదు. తేదీ, వేళ, ఆ అమ్మాయి అన్న మాట ఉన్నదున్నట్టు రాసి, కొట్టు హెడ్డాఫీసుకి ఉత్తరం పంపింది. పది రోజులకి మూడు వరుసల జవాబు వచ్చింది, చింతిస్తున్నామని. వదినకి తెలుగులో చదివి చెప్తే, "గా పిల్ల నౌకరి తీస్తరా ఏంది? అట్ల చెయ్యద్దని రాయి" అంది. అదీ రాసింది కోడలు.

అయితే ఈ చూపు లండన్‌దే అనుకుందామా? మన హైదరాబాదులో ఏసీ షోరూములకి లాల్‌గడి మలక్‌పేట్ లాంటి ఊళ్ళ నుంచి, కూరగాయల తోటలో పని చూసుకుని నేత చీరతో వచ్చే ఆడవాళ్ళని ఎలా చూస్తున్నారో, ఈసారి వెళ్ళినప్పుడు కాస్త గమనించండి. మనకి కూల్‌డ్రింకు పట్టుకొచ్చిన కుర్రాడే, వాళ్ళు పట్టుచీర తియ్యమంటే "అది పెద్ద రేటమ్మా" అంటాడు. నేను విన్నాను. "ముందు వాళ్ళకి చూపించు నాయనా, నాకు తొందరేం లేదు" అన్నాను. చూపించాడు. వాళ్ళు రెండు చీరలు కొన్నారు, నాకే ఏదీ నచ్చలేదు!

సరుకులో లోపముంటే మనకీ చట్టముంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, తిరిగి తీసుకోననడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. ఫిర్యాదు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఇవ్వవచ్చు. సరుకుకి మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. అంతకన్నా ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. బిల్లు మాత్రం పారెయ్యకండి.